జ్వరం లెటరే వచ్చు సార్

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు ఇంగ్లీషు చదివారు. టెన్త్‌లో 93 మార్కులొచ్చాయి. ఇంజనీరింగ్ అయ్యాక విజయవాడలోనే ఉద్యోగంలో చేరారు. ఇప్పుడు ఆఫీసులో నాలుగు లైన్ల మెయిల్ రాయాలంటే గంట పడుతోంది, పంపేముందు టెన్షన్‌తో చెమటలు పడుతున్నాయి. ‘హైస్కూల్ ఇంగ్లీషు క్లాసులో నేను అసలు నేర్చుకున్నదేమిటి? మా తమ్ముడిప్పుడు తొమ్మిదో తరగతి, వాడూ గైడు పట్టుకుని అదే దారిలో పోతున్నాడు. వాడికేం చెప్పాలి?’ అని అడిగారు. మీరు ఈమధ్య పంపిన మెయిల్ ఒకటి కూడా పెట్టారు. దాని సంగతి చివర్లో చూద్దాం.

నేను గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పాను. 1986లో చేరి 2024లో రిటైరయ్యాను. అంతకుముందు నేనూ తెలుగు మీడియం పిల్లవాణ్ణే. ఆరో తరగతిలో నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు దిద్దాను. అలా బెంచీ మీదా కూర్చున్నాను, నల్లబల్ల దగ్గరా నిలబడ్డాను. తప్పు ఎక్కడ జరుగుతుందో కొంత తెలుసు. అందులో నా వాటా ఎంతో కూడా తెలుసు.

మీ 93 మార్కులు దొంగ మార్కులేం కావు. ఆ పేపరు ఏం అడిగిందో అది మీరు బాగా చేశారు. ఎవరో రాసిన వాక్యం గుర్తుపెట్టుకోమంది, ఖాళీ పూరించమంది, యాక్టివ్‌ని పాసివ్ చెయ్యమంది, చేశారు. ఆఫీసు అడిగేది వేరు. జరిగిన సంగతేమిటో మీ అంతట మీరు చెప్పమంటుంది. మరి ఆ రెండోది మేం క్లాసులో నేర్పలేదా? నేర్పాం గానీ ఎప్పుడో ఒకప్పుడు, అనుకోకుండా, సిలబస్ పక్కకి జరిగిన రోజున. నాకు ఇప్పటికీ గుర్తున్న పాఠాలన్నీ అలాంటి రోజులవే.

మొదటిది నేను చదువుకున్నప్పటిది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అప్పుడు నేను గుంటూరులో పదో తరగతి. సముద్రం మా మీదికి రాలేదు గానీ ఆ రాత్రి గాలి మమ్మల్నీ వదల్లేదు. మా పెరట్లో వంటపాక కప్పు లేచిపోయింది. ఇంట్లోకి నీళ్లొచ్చాయి. తర్వాత దివిసీమలో వేలమంది పోయారని తెలుస్తుంటే మా నాన్న ట్రాన్సిస్టర్ పక్కనుంచి లేవలేదు.

నెల తిరిగేసరికి అర్ధ సంవత్సర పరీక్షలు. ఇంగ్లీషు పేపర్లో ఎస్సే ‘ఏ రెయినీ డే’, అంటే వానరోజు. క్లాసులో 40 మందిమి, దాదాపు అందరం గైడులో ఉన్నది ఉన్నట్టు దింపేశాం. గైడులో వానరోజు ఎంత చక్కగా ఉంటుందో మీకు తెలుసు. పిల్లలు రెయిన్‌కోట్లు వేసుకుని బడికి బయల్దేరతారు. కాగితప్పడవలు వదులుతారు. హెడ్మాస్టరు సెలవిచ్చేస్తాడు. ఇంటికొస్తే అమ్మ పొగలు కక్కే టీ ఇస్తుంది.

పేపర్లు దిద్ది తెచ్చిన రోజు మాస్టారు నాలుగైదు ఎస్సేలు పైకి చదివి ఆగారు. ‘ఏరా, మీలో రెయిన్‌కోటు ఎవరికుంది?’ అన్నారు. ఎవరికీ లేదు. ‘పోనీ ఎవరైనా చూశారా?’ అంటే, పోలీసాయన వేసుకుంటే చూశానన్నాడు వెనక బెంచీవాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. ‘నెల కిందట ఒక వానొచ్చింది కదరా, అది మీరెవరూ చూళ్లేదా?’ అన్నారు. క్లాసు చప్పబడిపోయింది.

నా ఎస్సేలో మధ్యన రెండు వాక్యాలు మాత్రం గైడువి కావు. అక్కడ గైడు గుర్తురాక, ఖాళీ వదిలితే బాగుండదని రాసేశాను. ‘వాటర్ కేమ్ ఇన్‌టు అవర్ హౌస్. మై మదర్ పుట్టెడ్ ద రైస్ బ్యాగ్ ఆన్ ద కాట్.’ ఇంట్లోకి నీళ్లొచ్చాయి, అమ్మ బియ్యం బస్తా మంచమ్మీద పెట్టింది అని నా ఉద్దేశం. ‘పుట్’ అనే మాట పాస్ట్ టెన్స్‌లో మారదని తెలియక ‘పుట్టెడ్’ అన్నాను. మాస్టారు అది చదవగానే ‘పుట్టెడు బియ్యమా, మీకెన్నెకరాలురా?’ అని ఒకడు అరిచాడు. ఈసారి మాస్టారికీ నవ్వొచ్చింది. కానీ పేపరు చేతికొచ్చాక చూస్తే ఆ ‘టెడ్’ కొట్టేసి, రెండు వాక్యాల కిందా ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన తెలుగులో ‘ఇవి నీవి’ అని రాసి ఉంది. మార్కులు పదికి నాలుగే వేశారనుకోండి, అది వేరే సంగతి.

అంత చూసినవాణ్ణి, తీరా నేను మాస్టారినయ్యాక చేసిందేమిటి? నేనూ బోర్డు మీద ఎస్సేలు రాసి దింపుకోమన్నాను. ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, పాస్ పర్సెంటేజీ అడుగుతారు, 60 మంది నోటుపుస్తకాలు దిద్దాలి. అందరివీ ఒకలాగే ఉంటే దిద్దడం ఎంత సుఖమో ఇంకో మాస్టారినెవరినైనా అడగండి, గుట్టుగా ఒప్పుకుంటారు.

1990ల్లో గుంటూరుకి పడమట, మిరప పండే ఊళ్లో పని చేశాను. ఆ వైపు జనవరి దాటితే క్లాసు పలచబడుతుంది. కాయ కోతకొస్తుంది, ఇంటిల్లిపాదీ చేలోనే ఉంటారు. కోసింది కల్లంలో ఆరబోయడం, తాలుకాయలు ఏరడం పిల్లల పని. టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, గుంటూరు యార్డుకి చేరేదాకా బడి ఎవరికీ గుర్తుండదు. టెన్త్ పరీక్షలేమో మార్చిలో.

తొమ్మిదో తరగతి కుర్రాడొకడు రెండు రోజులు రాలేదు. మూడోరోజు వచ్చి లీవ్ లెటర్ చేతికిచ్చాడు. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్. కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్.’ ఒక్క తప్పు లేదు. కామా కూడా ఉండాల్సిన చోటే ఉంది. కుర్రాడి మొహం చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి. వేళ్లు నోటిదగ్గర పెట్టుకుని ఊదుకుంటున్నాడు. మిరపకాయ కోసిన వేళ్లు రాత్రంతా మండుతాయి. తెలియక కళ్లు నులుముకుంటే ఇక చెప్పక్కర్లేదు.

‘జ్వరమొచ్చిందారా?’

‘లేదు సార్. కాయకోతకి పోయా.’

‘మరి జ్వరమని రాశావేం?’

‘జ్వరం లెటరే వచ్చు సార్.’

ఆ లెటరు వాడికి నేర్పింది నేనే. మూడేళ్లుగా నా దగ్గర చదువుతున్నాడు, మూడేళ్లలో వాడి చేతికి నేనిచ్చిన ఇంగ్లీషంతా కలిపితే ఒక జ్వరం. కాలు విరిగినా జ్వరమే, అక్క పెళ్లయినా జ్వరమే.

ఆ పీరియడ్ పాఠం పక్కనబెట్టి వాణ్ణి కూర్చోబెట్టాను. ‘ఎందుకు రాలేదో తెలుగులో చెప్పు’ అంటే, ‘మేం కాయలు కోస్తున్నాం సార్, మా అమ్మొక్కతే ఉంది’ అన్నాడు. దాన్నే ఇంగ్లీషులో రాయమన్నాను. ‘వుయ్ ఆర్ కటింగ్ చిల్లీస్’ అని రాశాడు. ఇక్కడ కాస్త ఆగాలి. మనం వరీ కోస్తాం, పూలూ కోస్తాం, మిరపకాయలూ కోస్తాం, వంటింట్లో వంకాయలూ కోస్తాం. అన్నిటికీ ఒకటే మాట. ఇంగ్లీషువాళ్లు కత్తి పెట్టి చేసేది ‘కట్’ అంటారు, చెట్టు నుంచి చేత్తో తెంపేది ‘పిక్’ అంటారు. వాడు ‘కటింగ్’ అని రాస్తే, చేలో కూర్చుని కూరకి తరుగుతున్నారన్నట్టుంటుంది. ఈ తేడా చెప్పగానే క్లాసంతా దీనిమీద పడింది. గోళ్లు ఏమవుతాయి సార్? జామకాయలు? బట్ట? అరగంటలో ఒక్క క్రియ చుట్టూ వాళ్లు నేర్చుకున్నంత నేను గ్రామర్ పుస్తకం పట్టుకుని నెలరోజుల్లో కూడా నేర్పలేదు.

చివరికి లెటరులో మూడే వాక్యాలు మిగిలాయి. ‘వుయ్ ఆర్ పికింగ్ చిల్లీస్. మై మదర్ ఈజ్ అలోన్. ఐ విల్ కమ్ ఆన్ థర్స్‌డే.’ వాడికి ఇంకో రెండు రోజులు సెలవు కావాలి మరి. అది పట్టుకుని హెడ్మాస్టరు గారి దగ్గరికి నేనే వెళ్లాను. ఆయన చదివి, ‘జ్వరమంటే ఇచ్చేవాణ్ణయ్యా. కాయకోతకి సెలవని రూల్సులో ఎక్కడుంది? పిల్లాడు పనికి పోతున్నాడని రాతపూర్వకంగా నేను సంతకం పెట్టాలా?’ అన్నారు. ఆయన మాటా కొట్టిపారేసేది కాదు. ఆ రెండు రోజులకీ హాజరు పట్టీలో ఏం పడిందో ఇక్కడ రాయను.

ఆ తర్వాత నెలలో ఒకసారి ‘నిజం లెటర్’ రాయించేవాణ్ణి. ఒకమ్మాయి ‘అవర్ బఫెలో డెలివర్డ్’ అని రాసింది. గేదె ఈనితే ఇంగ్లీషులో ఏమంటారో నాకూ తెలియదు. ఆ సాయంత్రం డిక్షనరీ తీసి చూస్తే ‘కాల్వ్‌డ్’ అని ఉంది. ఇంగ్లీషు ఎంఏ చేసినవాడికి గేదె ఈనడం తెలియదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లే పిల్లలు ప్రభ గురించి రాయబోయి దాన్ని ఇంగ్లీషులో ఏమనాలని అడిగారు. వెదురుతో 60, 70 అడుగులు లేపి, కాగితాలూ రంగులూ దీపాలూ కట్టి, బండి మీద నిలబెట్టి తోలుకెళ్లేదానికి ఒక్క ముక్కలో మాటెక్కడుంది? ‘ప్రభ అనే రాయండి, అదేమిటో పక్క వాక్యంలో చెప్పండి’ అన్నాను. అది కూడా ఒక పాఠమే. అన్నిటికీ మాట వెతుక్కోనక్కర్లేదు, చూసింది చెబితే చాలు.

ఇంకొకటి. ఇది గ్రామర్ పాఠమే, కానీ క్లాసులో కిటికీ అద్దం పగిలినందువల్ల వచ్చింది. మధ్యాహ్నం బెల్లయి లోపలికి వచ్చేసరికి కింద గాజు పెంకులు, పక్కన బంతి. ‘ఎవరు?’ అంటే క్లాసు మొత్తం ఒకటే జవాబు: ‘అద్దం పగిలింది సార్.’

మన భాషలో ఈ వసతి ఉంది చూడండి. పగిలింది, పగలగొట్టాను. విరిగింది, విరగ్గొట్టాను. తెగింది, తెంచాను. పోయింది, పోగొట్టాను. మొదటి రకంలో మనిషే ఉండడు. వస్తువు తనంతట తనే ఆ పని చేసుకున్నట్టుంటుంది. ఇంట్లో స్టీలు గ్లాసు సొట్టపడుతుంది, ఆఫీసులో ఫైలు కనపడకుండా పోతుంది, ఎవరూ ఏమీ చెయ్యరు.

బోర్డు మీద ‘ద గ్లాస్ వాజ్ బ్రోకెన్’ అని రాశాను. పాసివ్ వాయిస్ అప్పటికే చెప్పి ఉన్నాను. వెనకాల ‘బై’ అని రాసి గీత గీసి, ‘ఖాళీ పూరించండి’ అన్నాను. నవ్వు మొదలైంది. రెండు నిమిషాలకి నాలుగో బెంచీ నుంచి ఒకడు లేచి వచ్చి, సుద్దముక్క తీసుకుని ‘మీ’ అని రాశాడు. ‘బై మీ’, నా చేత. ‘ఇప్పుడు యాక్టివ్ వాయిస్ చెయ్యి’ అంటే, ‘ఐ బ్రోక్ ద గ్లాస్’ అని చదివి తలొంచుకున్నాడు. అద్దం డబ్బులు నేనే పెట్టుకున్నాను. పాసివ్ వాయిస్ ఆ బ్యాచ్‌లో ఎవరూ తప్పలేదు.

పాసివ్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకి పోతాను. ‘రాముడిచేత రావణుడు చంపబడెను’ అని మాచేత తర్జుమా చేయించేవారు. ఇంట్లో ఎవరైనా ‘అన్నం నాచేత తినబడింది’ అంటారా? ఇంగ్లీషు వాక్యం కోసం తెలుగుని అలా మెడ తిప్పితే, పిల్లలకి అటు ఇంగ్లీషూ రాదు, ఇటు తెలుగూ పాడవుతుంది. తమాషా ఏమిటంటే, మన పుస్తకాల తెలుగు ఒకటి, మాట్లాడే తెలుగు ఒకటీ ఎందుకయ్యాయని వందేళ్ల కిందట అడిగినవాడు ఇంగ్లీషువాడే. జె.ఎ. యేట్స్ అని, 1900ల మొదటి దశకంలో ఉత్తర కోస్తాలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. ఆ ప్రశ్నని గిడుగు రామ్మూర్తి పంతులు గారు, గురజాడ వారు పట్టుకున్నారు. ఇవాళ మనం ఇలా రాసుకుంటున్నామంటే దాని చలవే. నేనైతే ఇంగ్లీషు క్లాసులోనే నా తెలుగుని మొదటిసారి దగ్గర్నుంచి చూశాను.

డైరెక్ట్, ఇండైరెక్ట్ స్పీచ్ కూడా అలాంటిదే. ఎనిమిదో తరగతిలో ఇద్దరాడపిల్లలకి పెన్ను దగ్గర గొడవ. ఒకతె ఏడుస్తూ వచ్చి ‘అది నేను దొంగనంది సార్’ అంది. పక్కనున్న గడుగ్గాయి ‘అయితే ఒప్పేసుకుందిగా సార్!’ అన్నాడు. నిజమే, మన వాక్యంలో రెండర్థాలూ ఉన్నాయి. ఆ ‘నేను’ ఎవరు? చెబుతున్న పిల్లా, అన్న పిల్లా? మనకి ఏడుపు చూస్తే తెలిసిపోతుంది, వాక్యం చూస్తే తెలియదు. ఇంగ్లీషులో పెట్టేసరికి తేల్చుకోక తప్పలేదు. ‘షి సెడ్ దట్ ఐ వాజ్ ఏ థీఫ్’ అంటే ఈ పిల్లని అంది. ‘షి సెడ్ దట్ షి వాజ్ ఏ థీఫ్’ అంటే తనే ఒప్పుకుంది. ఎవరు ఎవరిని ఏమన్నారన్నది తేల్చడం కోసమే ఈ గోలంతా అని తెలిశాక, ‘ఐ’ తీసి ‘షి’ పెట్టడం వాళ్లకి రూలులాగా అనిపించలేదు. పెన్ను గోడవారగా దొరికింది.

నేను చేసిన ఒక పాడు పని కూడా చెప్పాలి, మీ తమ్ముడి విషయంలో పనికొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకమ్మాయి పాఠం పైకి చదువుతూ ‘ఎగ్’ అనే మాటని ‘యెగ్’ అంది. నేను దాన్ని వెక్కిరిస్తూ మూడుసార్లు అన్నాను. క్లాసు పగలబడి నవ్వింది. ఆ సంవత్సరమంతా ఆ పిల్ల మళ్లీ నోరు తెరవలేదు. చదవమంటే నిలబడి పుస్తకం వంక చూస్తూ ఉండిపోయేది. రాతలో క్లాస్ ఫస్టు.

తర్వాత హైదరాబాదులో సీఫెల్ వారి ట్రైనింగుకి వెళ్లాను. 1958లో ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోసం పెట్టిన సంస్థ అది, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. అక్కడ చెబితే తెలిసింది. తెలుగులో మాట మొదట్లో ‘ఎ’ వస్తే ముందు సన్నగా ‘య’ పలకడం మన నోటి అలవాటు. ‘ఒ’ వస్తే ‘వ’ తోడవుతుంది, అందుకే ‘వోన్లీ’ అంటాం. హల్లుతో ఆగిపోయే మాట మనకి నోట్లో నిలవదు, అందుకే బస్సు, కారు, రోడ్డు. ఇది తెలివితక్కువతనం కాదు, ప్రతి భాషవాడూ పక్క భాషని తన నోటితోనే పలుకుతాడు. ఈ ముక్క ఒక్క ఏడాది ముందు తెలిసుంటే ఆ పిల్ల నోరు మూయించేవాణ్ణి కాదు. తర్వాత ఏ ఊరు వెళ్లిందో నాకు తెలియదు.

మీడియం గొడవ గురించి కూడా మీరు ఒక లైను అడిగారు. 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టాలని జీవో వచ్చినప్పుడు మా స్టాఫ్ రూములో టీ చల్లారేదాకా వాదించుకున్నాం. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. నాకు తెలిసినంతవరకూ పిల్లవాడు క్లాసులో తన వాక్యం తాను రాస్తున్నాడా లేదా అన్నదే తేడా. ఇంగ్లీషు మీడియంలో సైన్సు కూడా బట్టీ పట్టి, జ్వరం లెటరు తప్ప రాయలేనివాళ్లని చాలామందిని చూశాను.

ఇక మీ మెయిల్. ‘విత్ రెఫరెన్స్ టు ద అబోవ్ సబ్జెక్ట్, ద రిపోర్ట్ వాజ్ డిలేడ్ డ్యూ టు సమ్ అన్‌అవాయిడబుల్ సర్కమ్‌స్టాన్సెస్. ఇన్‌కన్వీనియన్స్ ఈజ్ రిగ్రెటెడ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.’ గ్రామర్ ప్రకారం దీన్లో పట్టుకోవడానికి నాకేం దొరకలేదు. కానీ ఇది జ్వరం లెటరు. పైనున్న విషయానికి సంబంధించి, ఏవో తప్పని పరిస్థితుల వల్ల, రిపోర్టు ఆలస్యం చేయబడింది, అసౌకర్యానికి చింతించబడుతోంది, తగినది చేయగలరు. ఎవరు ఆలస్యం చేశారు? ఏ పరిస్థితులు? ఎవరు చింతిస్తున్నారు? మీ బాసు చెయ్యాల్సిన ‘తగినది’ ఏమిటి? అద్దం పగిలింది సార్, అంతే.

అసలేం జరిగిందో ప్రశ్నలో మీరే తెలుగులో ఒక్క వాక్యంలో రాశారు: ‘గోడౌన్ నుంచి స్టాకు లెక్క రెండు రోజులు ఆలస్యంగా మంగళవారం వచ్చింది, నేనూ ముందే అడగలేదు, ఇవాళ సాయంత్రానికి పూర్తవుతుంది.’ మెయిల్‌కి కావలసిందంతా ఇందులో ఉంది. దీన్ని మూడు ముక్కలు చెయ్యండి. ‘ద గోడౌన్ సెంట్ ద స్టాక్ ఫిగర్స్ ఓన్లీ ఆన్ ట్యూస్‌డే. ఐ షుడ్ హావ్ ఆస్క్‌డ్ దెమ్ ఎర్లియర్. ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ బై ఫైవ్ టుడే.’ ప్రతి వాక్యంలోనూ మొదట ఎవరో ఒకరున్నారు, వాళ్లేదో చేశారు లేదా చేస్తారు. రెండో వాక్యం రాయాలంటే కాస్త ధైర్యం కావాలి, ఒప్పుకుంటాను. గట్టి బాసయితే ఆ ఒక్కటి తీసేసుకోండి. ఐదింటికి వస్తుందన్న మాట మాత్రం తియ్యకండి, ఆయన మెయిల్ తెరిచేది దానికోసమే.

స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లలో ‘తెలుగులో ఆలోచించకండి’ అని మొదటిరోజే చెబుతారు. నేను ఒప్పుకోను. మీకు సంగతి తెలుగులోనే తెలుసు, ముందు దాన్ని తెలుగులో శుభ్రంగా తేల్చుకోండి. ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు. తేలిన తర్వాత ఒక్కో ముక్కనీ ఇంగ్లీషులో పెట్టండి. తెలుగులో మనం మనిషిని చెప్పకుండా ‘నిన్న వెళ్లాను’ అనేస్తాం, ఎవరో క్రియే చెబుతుంది. ఇంగ్లీషు క్రియ ఆ పని చెయ్యదు, మనిషిని ముందు కూర్చోబెట్టాలి. ఎవరూ లేకపోతే చివరికి ‘ఇట్ ఈజ్ రైనింగ్’ అని వానకి కూడా ఒక ‘ఇట్’ పెట్టుకుంటారు. ‘ఆ ఇట్టు ఎవరు సార్?’ అని అడిగిన పిల్లలున్నారు. మీ గంటలో ముప్పావు వంతు ఆ మనిషిని దాచడానికే పోతోందని నా అనుమానం.

తమ్ముడి గైడు లాక్కోకండి. పరీక్షకి అది కావాలి, నేనూ దానితోనే గట్టెక్కాను. కాకపోతే ఒక 100 పేజీల నోటుపుస్తకం కొనిచ్చి రోజుకి మూడు వాక్యాలు రాయమనండి. ఆ రోజు జరిగినవే రాయాలి, కరెంటు పోయింది, బస్సులో చిల్లర దగ్గర గొడవైంది, బందరు కాలువలో నీళ్లొచ్చాయి, ఏదైనా సరే. మాట తెలియకపోతే తెలుగు మాటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి కింద గీత గీసుకోమనండి. వారానికోసారి ఆ గీతలున్న మాటలు ఇద్దరూ కూర్చుని వెతకండి. ఆదివారం ఏలూరు రోడ్డు మీద లెనిన్ సెంటరుకి తీసుకెళ్లి పాత పుస్తకాల షాపుల్లో వాడికి నచ్చినది, క్రికెట్టో దయ్యాలో, వాణ్ణే ఏరుకోనివ్వండి. మీరు ఏరి ఇస్తే అటకెక్కుతుంది. జనవరిలో పుస్తకాల ఎగ్జిబిషన్ ఉండనే ఉంది. రోజూ ఒక పేజీ పైకి చదవమనండి, ‘యెగ్’ అంటే అననివ్వండి.

మొదటి నెల ఎర్ర పెన్ను పట్టుకోవద్దు. వాడు రాసింది చదివి ‘తర్వాత ఏమైంది?’ అని మాత్రం అడగండి. దాని జవాబు నాలుగో వాక్యమవుతుంది.